మనకు నచ్చిన కథల సంగతి

2021 మే నెల. ఫోను మోగితే గుండె జారిపోయే రోజులు. కోవూరు నుంచి అమ్మ చేసింది.

"పాపా, కృష్ణపట్నంలో మందిస్తా ఉండారంట. ఊపిరాడనోళ్ళకి కంట్లో చుక్కలేస్తే లేచి కూచుంటా ఉండారంట. మీ చిన్నాయనకి తెప్పిద్దామని అనుకుంటా ఉండాం. నువ్వేమంటావు?"

నేను హైదరాబాదులో ఉన్నాను. అమ్మ చెప్పిన వీడియో అప్పటికే మా ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో మూడుసార్లు వచ్చింది. అమ్మకి పదిహేను నిమిషాలు పాఠం చెప్పాను. ఒక మందు పనిచేస్తుందని ఎలా నిర్ధారిస్తారో, ఒక మనిషి లేచి కూర్చున్నంత మాత్రాన అది మందు వల్లే అని ఎందుకు అనకూడదో చెప్పాను. ఫోను పెట్టేశాక, ఆ వీడియోని నమ్మొద్దని వివరించే ఒక వ్యాసం లింకు గ్రూపులో పెట్టాను. అమ్మ "సరేలే" అంది. మా ఇంట్లో "సరేలే" అంటే ఒప్పుకున్నట్టు కాదు, మాట ముగిసినట్టు.

చిన్నాయన కొడుకు రెండుసార్లు బండి మీద పెన్న వంతెన దాటి, నెల్లూరు మీదుగా కృష్ణపట్నం వెళ్ళొచ్చాడు. రెండుసార్లూ ఉత్త చేతులే. ఇవాళిస్తారు, రేపిస్తారు అనుకుంటూ ఇంట్లో మూడు రోజులు గడిచాయి. నాలుగోనాడు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆయన తిరిగి రాలేదు. ఆ మందు ఆయనకి అందనే లేదు కాబట్టి దాని మీద నాకు ఫిర్యాదు లేదు. మూడు రోజుల ముందు వెళ్ళుంటే బతికేవాడని చెప్పే ధైర్యమూ లేదు. నన్ను వదలనిది, దినాలైపోయాక అమ్మ ఒకే ఒక్కసారి అడిగిన మాట.

"అది వద్దన్నావు, సరే. మరేం చెయ్యమన్నావు?"

నేనేమీ చెయ్యమనలేదు. లింకు పెట్టాను.

అబద్ధాలూ అపోహలూ జనంలోకి ఎందుకంత తేలిగ్గా పోతాయన్న ప్రశ్నని నేను ఈ మాట దగ్గర్నుంచే ఆలోచించడం మొదలుపెట్టాను. అంతకుముందు నా దగ్గర సిద్ధంగా ఒక జవాబుండేది. జనానికి చదువు లేదు, శాస్త్రీయ దృష్టి లేదు, టీవీవాళ్ళకి రేటింగుల పిచ్చి. ఇందులో ఏదీ పూర్తిగా తప్పు కాదు. కానీ ఈ జవాబులో నేనెక్కడా లేను. అదే దాని సుఖం.

జరిగిందేమిటో వరసగా చూద్దాం. నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో బొణిగి ఆనందయ్య మూలికలతో, తేనె, మిరియాలు, జాజికాయ వంటి దినుసులతో మందు చేసి ఊరికే పంచారు. ఆ మాట ఫోన్లలో పాకింది. మే 21న మందిస్తారనగానే పక్క రాష్ట్రాల నుంచి కూడా వేలల్లో జనం వచ్చారు. కొందరు అంబులెన్సుల్లోనే వచ్చారు. రద్దీ తట్టుకోలేక పంపిణీ ఆపేశారు. అప్పటి ఉపరాష్ట్రపతి, నెల్లూరు జిల్లాకే చెందిన వెంకయ్యనాయుడు, పరిశీలించమని ఐసీఎంఆర్‌తోనూ ఆయుష్ మంత్రితోనూ మాట్లాడారు. మే 31న రాష్ట్ర ప్రభుత్వం కంటి చుక్కలు తప్ప మిగతావి ఇచ్చుకోవచ్చంది. ఆయుష్ అధికారులు చెప్పింది మూడు ముక్కలు. హాని కనబడలేదు. కోవిడ్‌ని తగ్గిస్తుందనడానికి ఆధారం లేదు. ఆయుర్వేద మందుగా గుర్తించలేం, నాటుమందు అనుకోవచ్చు.

ఈ మూడింట్లో మా ఊరిదాకా చేరింది ఒక్కటే. "హాని లేదంట." ఊరు దాటేసరికి అది "గవర్నమెంటే ఒప్పుకునిందంట" అయింది. ఎవరూ అబద్ధమాడలేదు. చెప్పినవాళ్ళందరూ తాము విన్నదాన్ని కొంచెం పొట్టిచేసి చెప్పారు, అంతే. నిజం అబద్ధంగా మారడానికి అబద్ధాలకోరు అక్కర్లేదు, తొందరలో ఉన్న నలుగురు మంచివాళ్ళు చాలు.

ఆ రోజుల్లో టీవీ ఛానళ్ళన్నీ ఆ ఊళ్ళోనే కాపురం పెట్టాయి. "మందు పనిచేస్తుందా?" అని కింద పెద్దక్షరాలు. చివర్లో ప్రశ్నార్థకం ఉంది కదా, కాబట్టి వాళ్ళేమీ అనలేదు. కానీ ఆ అక్షరాల వెనక కనబడేది జనసముద్రం. ఇంతమంది ఊరికే వస్తారా అన్న జవాబు చూసేవాళ్ళ మనసే ఇచ్చుకుంటుంది. జనం ఉన్నారు కాబట్టి కెమెరా, కెమెరా ఉంది కాబట్టి మరింత జనం. మందుకి సాక్ష్యం మందు కోసం వచ్చినవాళ్ళే.

ఇంకో సాక్ష్యం, ఒక రిటైర్డు హెడ్మాస్టరుగారి వీడియో. కంట్లో చుక్కలు పడగానే తన ప్రాణం లేచొచ్చిందని ఆయన చెప్పారు. అది లక్షల ఫోన్లలో తిరిగింది. ఆ తర్వాత ఆయన ఆసుపత్రిలో చేరారు, నెలాఖరుకి చనిపోయారు. ఆ వార్త కూడా వచ్చింది, దాచలేదు. కానీ దాన్ని ఎవరు ఎవరికి పంపుతారు? లేచి కూర్చున్న మనిషిని చూపించే వీడియో పంపితే అవతలివాళ్ళకి ఆశ పంపినట్టు. చనిపోయిన మనిషి వార్త పంపితే? అబద్ధానికి బొమ్మ ఉంటుంది. దిద్దుబాటుకి ఉండదు. మందు పనిచెయ్యకపోవడాన్ని ఫోటో తియ్యలేరు.

ఇవి మన ఊళ్ళకే పట్టిన జబ్బులు కావు. 2006 నుంచి 2017 దాకా ట్విట్టర్‌లో తిరిగిన దాదాపు 1,26,000 కథనాలని అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు పరిశీలించి 2018లో ప్రకటించారు. అబద్ధపు వార్తని జనం మళ్ళీ పంచే అవకాశం నిజం వార్తకన్నా 70 శాతం ఎక్కువట. అది యంత్రాల పని కాదు, మనుషుల పనే అని కూడా తేల్చారు. ఇంతకన్నా చాలాముందు, 1977లోనే, లిన్ హ్యాషర్, ఆమె సహచరులు ఒక మామూలు విషయాన్ని ప్రయోగంతో చూపించారు. ఒకే మాటని పదే పదే వింటే అది మరింత నిజమనిపిస్తుంది. మన పెద్దవాళ్ళకి ఇది ప్రయోగం లేకుండానే తెలుసు. నలుగురు నంది అంటే నంది, పంది అంటే పంది అన్న సామెత ఊరికే పుట్టలేదు.

ఈ నమ్మకాల ఖరీదు అందరి మీదా ఒకేలా పడదు. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని తెలుగు రాష్ట్రాల్లో ఫోన్ల నిండా పుకార్లు. హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఆ అనుమానంతో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళని జనం కొట్టి చంపారు. ఆ పుకారుని పంపినవాళ్ళలో ఎక్కువమంది, మా పిల్లలు జాగ్రత్త అనుకున్న తల్లిదండ్రులే అయ్యుంటారు. ఎవరు పరాయివాళ్ళుగా కనబడతారో, ఎవరి తరఫున మాట్లాడేవాళ్ళు లేరో, పుకారు వాళ్ళ దగ్గరికే వెతుక్కుంటూ వెళుతుంది. చేతబడి పేరుతో చంపబడిన ఆడవాళ్ళ సంగతి మనకి కొత్త కాదు.

అయినా "మూఢనమ్మకం" అనే మాట వినబడగానే మన కళ్ళముందు మెదిలేది ఎవరు? పసుపు పూసుకున్న ఒక ఆడమనిషి, లేదా పూనకంతో ఊగే ఒక ముసలావిడ. సినిమాలూ సీరియళ్ళూ కార్టూన్లూ కలిసి నేర్పిన బొమ్మ ఇది. కృష్ణపట్నం క్యూలని టీవీలో గంటల తరబడి చూశాను. కనబడినవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు. మందు పంచాలని పట్టుబట్టినవాళ్ళలో చదువుకున్న మగవాళ్ళు, పార్టీల నాయకులు ఉన్నారు. అపోహలు ఆడవాళ్ళ సొత్తు అన్నదే అన్నిటికన్నా బాగా అమ్ముడుపోయిన అపోహ.

కానీ ఇక్కడ ఇంకో సంగతి ఉంది, దాన్ని దాటేస్తే నేను నిజాయితీగా మాట్లాడినట్టు కాదు. మా గ్రూపులో ఆ వీడియోని మూడుసార్లు పెట్టింది ఆడవాళ్ళే. అమ్మ, పిన్ని, మేనత్త. ఎందుకని? ఇంట్లో జ్వరం వస్తే రాత్రంతా మేలుకునేది వాళ్ళు. ఎవరికి ఏ పత్యమో గుర్తుంచుకునేది వాళ్ళు. దూరాన ఉన్న పిల్లలకి "తిన్నావా" అని అడిగే పని వాళ్ళదే. ఫోను వచ్చాక ఆ పనిలో ఇదీ ఒక భాగమైంది. వాళ్ళు పంపింది సమాచారం కాదు, ఆదరువు. ఉప్పుతో దిగదీసినట్టు, చద్దన్నంలో మాగాయ ముక్క వేసి పెట్టినట్టు. దానికి నేను శాస్త్రీయ దృష్టి మీద ఉపన్యాసంతో జవాబిచ్చాను. వాళ్ళు అడిగిన ప్రశ్న ఒకటి, నేను చెప్పిన జవాబు మరొకటి.

అసలు వాళ్ళు అడిగిందేమిటి? మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ అందక 11 మంది చనిపోయారని ప్రభుత్వమే చెప్పింది. మంచాలు దొరకడం లేదు. టీకాలకి కొరత. మధ్యాహ్నం నుంచి కర్ఫ్యూ. అట్లాంటప్పుడు ఒక ఊళ్ళో ఒక మనిషి, పైసా తీసుకోకుండా, రండి నేనున్నాను అన్నాడు. జనం నమ్మింది మందునో, ఆ పిలుపునో నాకు తెలీదు. ఆసుపత్రి లక్షలడిగే చోట ఉచితమన్నదే ఒక రుజువు అయిపోతుంది. అబద్ధం ఖాళీగా ఉన్న ఇంట్లోకే వస్తుంది. ఆ ఇంటిని ఖాళీగా ఉంచిందెవరు అని అడక్కుండా, వచ్చి కూర్చున్నదాన్ని మాత్రం తిడుతూ ఉంటాం.

ఇక్కడితో ఆపితే ఈ వ్యాసం నాకు సుఖంగానే ఉండేది. అమ్మకి క్షమాపణ చెప్పుకున్నట్టూ ఉండేది, నా తెలివి నాకు మిగిలేది. కానీ నేను కూడా ఒక కథని పదేళ్ళపాటు పంచాను. అదీ నెల్లూరు జిల్లా కథే. మనందరికీ ఇష్టమైన కథ.

1991లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం మొదలైంది. రాత్రి బళ్ళలో ఆడవాళ్ళు చదువుకున్నారు. వాచకంలో సీతమ్మ కథ ఉంది, తాగుబోతు మొగుడితో పడిన బాధల కథ. అది చదివి కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు రోశమ్మ నాయకత్వాన సారా దుకాణం మూయించారు. పత్రికలు రాశాయి. జిల్లా అంటుకుంది. 1993లో మొదట నెల్లూరు జిల్లాలో, తర్వాత రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఒక పాఠం, ఒక ఊరు, ఒక స్త్రీ, ఒక విజయం.

నా సిద్ధాంత గ్రంథంలో ఒక వాక్యం ఉంది. ఒక పాఠం ఒక ఉద్యమాన్ని కన్నది అని దాని అర్థం. సెమినార్లలో ఆ వాక్యం చదివినప్పుడల్లా చప్పట్లు పడేవి. తర్వాత ఒకరిద్దరు తమ వ్యాసాల్లో దాన్ని ఉటంకించారు కూడా. నేను దాన్ని ఎక్కడా పరీక్షించలేదు. పరీక్షించాలనే అనిపించలేదు. సాహిత్యం చదువుకున్నదాన్ని కదా, ఒక కథ చదివితే లోకం మారుతుందన్న మాట నాకు తేనెచుక్క. నా కంట్లో పడిన చుక్కలు అవే.

కృష్ణపట్నం తర్వాతి ఏడాది, కోవూరుకి దగ్గర్లోని ఒక పల్లెలో, ఆ రోజుల్లో సారా పాటలు ఆపడానికి నెల్లూరు వెళ్ళినవాళ్ళలో ఒకావిడతో మాట్లాడాను. కూలి పనులు చేసి పెద్దదైన మనిషి. సీతమ్మ కథ గురించి అడిగాను.

"పాఠమా? నాకు ఇప్పటికీ చదువు రాదు మ్మే."

మరి ఎట్లా మొదలైంది అంటే ఆమె చెప్పింది నాట్ల గురించి. నాట్లేసే చోట నెలల తరబడి ఇదే మాట. ఎవరి కూలి డబ్బులు ఎవడు లాక్కుపోయాడు, ఎవరి వీపు ఎట్లా వాచింది. సారా పొట్లాలు గడపలోకి వస్తాయి, తాగే నీళ్ళకి మాత్రం మైలు నడవాలి. దుకాణంవాడే అప్పులిచ్చేవాడు, కాబట్టి సగంమందికి వాడంటే భయం. మాలపల్లి ఆడవాళ్ళు ముందుకొస్తే ఊళ్ళోవాళ్ళు కలవడానికి చాలా రోజులు పట్టింది. ఇద్దరు మధ్యలోనే వెనక్కి పోయారు, ఆమె వాళ్ళని తప్పు పట్టలేదు. ఆమె మొగుడు ఆమెని కొట్టాడు, దుకాణం మూసినందుకు. ఒకసారి గెలిచారు, తర్వాత ఓడిపోయారు, మళ్ళీ కూర్చున్నారు.

"ఫోటో తీసుకునేదానికి పేపరాయన వచ్చినాడు. అందరూ చీపుర్లు పట్టుకోండి అన్నాడు. నా చేతిలో అప్పుడు కొడవలుండాది. అది పక్కన పెట్టమన్నాడు."

ఆ మాట విని నేను చాలాసేపు ఏమీ రాసుకోలేదు. కొడవలి ఆమె కూలి పనిముట్టు. చీపురు ఇల్లాలి పనిముట్టు. కూలిడబ్బుల కోసం, నీళ్ళ కోసం, తన కష్టం తన చేతికి రావడం కోసం కొట్లాడిన మనిషి, ఫోటోలో మొగుణ్ణి దారిలో పెట్టుకుంటున్న భార్య అయింది. ఇలా ఎవరికి కావలసిన స్త్రీని వాళ్ళు నెల్లూరు ఆడవాళ్ళలో చూసుకున్నారని సూసీ తారు, తేజస్విని నిరంజన తొంభైల్లోనే రాశారు. నేను ఆ వ్యాసం చదివాను, నోట్సు తీసుకున్నాను, నా వాక్యాన్ని మాత్రం మార్చుకోలేదు. చదువు లేక నమ్మానని అనడానికి నాకు వీల్లేదు.

దూబగుంట కథ అబద్ధమని నేను అనడం లేదు. రాత్రి బళ్ళలో ఆడవాళ్ళు ఒకచోట కూర్చోగలిగారు, అది చిన్న విషయం కాదు. రోశమ్మ ధైర్యం నిజం. పత్రికలు తోడు రాకపోతే సర్కారు అంత తొందరగా కదిలేది కాదేమో కూడా. అది అబద్ధం కాదు, పొట్టి చేసిన నిజం. "హాని లేదంట" అన్నది ఎట్లాంటిదో ఇదీ అట్లాంటిదే. రెండు కథల రూపురేఖలు చూడండి. ఒక మనిషి, ఒక రోజు, ఒక చుక్క, అంతా నయం. ఒక స్త్రీ, ఒక రాత్రి, ఒక పాఠం, అంతా విముక్తి. నెలల తరబడి నాట్లలో నడిచిన మాటలకి ఫోటో లేదు. వెనక్కి పోయిన ఆ ఇద్దరికి కథలో చోటు లేదు. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారన్న సంగతి కథ చివర్లో రాదు.

ఇందులో ఇంకో చిత్రం ఉంది. నెల్లూరులో ఆ అక్షరాస్యత పనిలో ముందున్న సంస్థల్లో జన విజ్ఞాన వేదిక ఒకటి. కృష్ణపట్నం మందుని పరీక్షించకుండా పంచొద్దని 2021లో అడిగినవాళ్ళలోనూ అదే వేదిక ఉంది. మొదటి పని చేసినప్పుడు జనం వాళ్ళ మాట విన్నారు, రెండోసారి తిట్టారు. మనుషులు మారిపోయారా? నాకట్లా అనిపించదు. మొదటిసారి వాళ్ళు పల్లెల్లో జనం మధ్య కూర్చున్నారు. రెండోసారి ఆ మహమ్మారి మధ్యలో ఎవరూ ఎవరి పక్కనా కూర్చోలేని రోజులు. వాళ్ళ మాటా నా లింకులాగే తెర మీద నుంచే రావలసి వచ్చింది.

మరి నైతికంగా మన బాధ్యత ఎక్కడ మొదలవుతుంది? నమ్మేముందు ఆధారాలు చూసుకో అనడం తేలిక. అందరికీ అన్నీ చూసుకునే తీరిక, చదువు, ఓపిక ఉండవు. నమ్మకం సమంగా పంచిన సరుకు కాదు. బాధ్యత మాత్రం, ఎవరికి చూసుకునే వీలుందో వాళ్ళ మీదే ఎక్కువ పడాలి. గ్రంథాలయం అందుబాటులో ఉండి, జీతం తీసుకుని, పరిశోధన అనే పేరుతో రాసే నాలాంటివాళ్ళ మీద. మా అమ్మకి పరీక్షించే సాధనం లేదు, ప్రాణభయం ఉంది. నాకు సాధనం ఉంది, చప్పట్ల మీద ఆశ ఉంది. ఎవరిది పెద్ద తప్పు?

పరీక్ష మనకి నచ్చని కథలతో మొదలుపెడితే అది పరీక్ష కాదు, దెప్పిపొడుపు. మనల్ని మంచివాళ్ళుగా, గెలిచినవాళ్ళుగా చూపించే కథలతోనే మొదలుపెట్టాలి. స్త్రీవాదులుగా మనకి వీరనారులు కావాలి, నాకు తెలుసు. చరిత్ర మనకి అంత తక్కువ మిగిల్చింది కాబట్టి దొరికిన ఒక్క పేరుని దీపంలా పట్టుకుంటాం. కానీ ఆ వెలుగులో కొడవలి పట్టుకున్న ఆవిడ చీకట్లోకి పోతే, పత్రికాయన చెప్పిన పనే మనమూ చేసినట్టు. పైగా రేపు ఒక పల్లెలో ఆడవాళ్ళు పాఠం చదివాక కూడా ఏమీ మారకపోతే, లోపం తమలోనే ఉందనుకుంటారు. పొట్టి చేసిన కథ చేసే హాని అది. దారి ఎంత పొడవో చెప్పకుండా బయల్దేరదీస్తుంది.

నా గ్రంథం పుస్తకంగా వేసేటప్పుడు ఆ వాక్యం తీసేశాను. దాని బదులు నాలుగు పేజీలు పట్టింది. చప్పట్లు పడే వాక్యం ఒక్కటీ లేదు అందులో. పాత వాక్యం మాత్రం ఉటంకించినవాళ్ళ వ్యాసాల్లో ఇంకా ఉంది, ఉంటుంది. కొందరికి ఉత్తరాలు రాశాను. ఒకరు జవాబిచ్చారు.

మొన్న అమ్మ మళ్ళీ ఒక వీడియో పంపింది. మోకాళ్ళ నొప్పులకి ఏదో ఆకుపసరు. నమ్మొద్దని టైపు చెయ్యబోయి ఆగి, ఫోను చేశాను.

"ఎవరికమ్మా నొప్పులు?" అన్నాను.

అవతల కాసేపు మాట లేదు. తర్వాత చెప్పింది. రెండు నెలల నుంచి మెట్లు దిగలేకపోతా ఉందంట. ఎవరికీ చెప్పలేదంట. ఆ ఆదివారం రైలెక్కి వెళ్ళాను.